చేయి చాచి అడిగిన నిప్పు

పాలవాక నగరపు ఉత్తర ద్వారం ఎదుట బారులు తీరిన జనంలో, భుజాన సున్నపు కావడితో ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. తలపాగా మొదలు కాలి మడమల దాకా తెల్లని దుమ్ము. కనురెప్పలకు సైతం సున్నమే. ఎవరు చూసినా సున్నం అమ్ముకునేవాడనే అనుకుంటారు. నిజానికి అతను కుమ్మరి, పేరు రేచన. కావడి ఎడమ కుండలో ఉన్నది అచ్చమైన సున్నమే. కుడి కుండలో మాత్రం పైన గుల్లసున్నపు గడ్డలు, వాటి కింద బోర్లించిన మూకుడు, మూకుడు కింద ఊక బూడిద, ఆ బూడిద పొరల్లో గుప్పెడు ఎర్రని నిప్పుకణికలు ఉన్నాయి. కొమ్ముసీమ అనే ఆ కొండల దేశమంతటా ప్రాణంతో మిగిలిన ఎర్రనిప్పు అదొక్కటే.

సూర్యుడు నడినెత్తి దాటి పడమటికి వాలాడు. అతను అస్తమించే లోపల ఆ నిప్పు నగరం గుండా సాగి, పడమట ఉన్న ఏటి వంతెన దాటి, గద్దరాయి శిఖరం మీది పాత కొండపొయ్యిని చేరాలి. అగాధం లాంటి ఆ ఏటి లోయను దాటడానికి వేరే దారి లేదు.

పన్నెండేళ్ల కిందట సముద్రం ఆవలి ముక్తాద్వీప చక్రవర్తి ఉదగ్రసేనుడు, ఎవరితోనో ఎక్కడో చేసిన యుద్ధంలో బొక్కసం ఖాళీ చేసుకొని, ఆ బరువును తన ఏలుబడిలోని పరదేశాల నెత్తిన దించే ఉపాయం వెదికాడు. భూమికి పన్ను వేస్తే బీడు పెడతారు. ఉప్పుకు వేస్తే చప్పిడి తింటారు. నిప్పు లేకుండా ఎవడు బతుకుతాడు? అలా పుట్టింది పొయ్యి పన్ను. దాన్ని పిండడానికి కాలభస్ముడనే మాంత్రికుడు ఓడ దిగాడు. అతను అడుగుపెట్టిన నాటి నుంచి కొమ్ముసీమలో చెకుముకి రాళ్లు ఉత్త రాళ్లయ్యాయి. కట్టెను కట్టెతో ఎంత మథించినా పొగ తప్ప నిప్పు రాలేదు. అతను వెలిగించిన నీలినిప్పునే ప్రతి ఇల్లూ సుంకం కట్టి రాజముద్ర వేసిన కుంపటిలో తెచ్చుకోవాలి. అది అన్నం ఉడికిస్తుంది గాని చలి తీర్చదు. దాని ముందు చేతులు చాచితే వేళ్లు కొంకర్లు పోతాయి. ఇక పాత ఎర్రనిప్పుల మీద భటులు ఇల్లిల్లూ వెదికి నీళ్లు పోశారు.

కొమ్ముసీమ పెద్దలు ముగ్గురు ఓడెక్కి వెళ్లారు. మమ్మల్ని ఒక్క మాటైనా అడగకుండా మా పొయ్యి మీద పన్నేమిటని విన్నవించుకోవడానికి చక్రవర్తి వాకిట ఏడు నెలలు పడిగాపులు పడ్డారు. దర్శనం దొరకలేదు. పట్టుగుడ్డలో మూటగట్టిన చారెడు చల్లని బూడిద మాత్రం చేతికొచ్చింది. అదే జవాబు. పన్నును ఎలాగో పళ్ల బిగువున భరించిన కొండజనం ఆ మూటను భరించలేకపోయారు. అది విప్పిన నాటి నుంచి గద్దరాయి అడవుల్లో కత్తులు పదునెక్కుతున్నాయి.

ఇవాళ్టి సూర్యాస్తమయంతో కాలభస్ముడి పన్నెండేళ్ల దీక్ష ముగుస్తుంది. ఆ క్షణానికి గద్దరాయి పొయ్యిలో ఎర్రనిప్పు వెలగకపోతే, ఇక ఆ దేశంలో అది ఏనాటికీ పుట్టదు. రేచన తల్లి కామసాని కుండలు కాల్చే తన ఆవం అడుగున ఆ నిప్పును ఇన్నేళ్లూ పసిబిడ్డలా సాకింది. మూడు రోజుల కిందట భటులు వాకిట్లోకి రాగానే దాన్ని కుండకెత్తి, కొడుకును పెరటి దారిన పంపి, తను వాళ్లకు ఎదురువెళ్లింది. ఆమె చేతులకు సంకెళ్లు పడడం అతను కంచె సందులోంచి చూశాడు.

ఇప్పుడతని ఎదుట ఆ ద్వారం ఉంది. సముద్రగర్భం నుంచి తవ్వి తెచ్చిన నల్లరాతి కమానులు. వాటికి ఇరువైపులా నోళ్లు తెరుచుకున్న రాతి మకరాలు. మకరాల కనుగుంటల్లో కోడిగుడ్లంత ముత్యాలు. కమానుల వెనుక, నగరం నడిబొడ్డున, ఆకాశాన్ని పొడిచే బురుజు. దాని శిఖరాన వానకు తడవని, గాలికి వంగని నీలిజ్వాల. ఆ వెలుగులో మనుషుల ముఖాలు నీట మునిగినవాళ్ల ముఖాల్లా కనిపిస్తున్నాయి.

రేచనకు ముందు, ఆరిపోయిన కుంపటి చంకన పెట్టుకొని ఒక ముసలమ్మ నిలబడి ఉంది. వరుసలో అందరూ ఆమెను గుండమవ్వ అని పిలుస్తున్నారు.

"ఏందవ్వా, నీ కుంపటి అప్పుడే ఆరిపోయిందా?" అన్నాడొకడు.

"ఇంకా మూడు దినాల గడువుండంగానే ఆరిపోయింది నాయనా. పప్పు పొయ్యి మీదే ఉండాది. మా కోడలు పొయ్యి ముందర, నేను ఈ ఎండలో. ఎవురు ముందు ఉడుకుతారో చూడాల."

జనం నవ్వారు.

"ఈ నీలినిప్పుకు పప్పుడకదు గానీ కడుపులు మాత్రం బాగా ఉడుకుతుండాయి" అన్నాడు గంప నెత్తిన పెట్టుకున్న ఒక రైతు.

"మెల్లగా అను మావా. కడుపుమంటకు గూడా సుంకం ఏస్తారు!"

మళ్లీ నవ్వులు. కాని నవ్వుతూనే అందరి కళ్లూ బురుజు వైపు తిరిగి, గబుక్కున నేలకు వాలాయి. రేచన మాత్రం నవ్వలేకపోయాడు. నీడ అతని పాదాల దగ్గర మరో బెత్తెడు సాగింది.

ద్వారం దగ్గర తనిఖీ చేస్తున్న సుంకరి మారన కొమ్ముసీమలో పుట్టినవాడే. తలకు ముక్తాద్వీపపు నీలి పాగా చుట్టిన నాటి నుంచి సొంత ఊరివాళ్ల మీద అతని గొంతు రెండింతలైంది. ఎడమ కుండలో కర్ర పెట్టి కలిపి చూశాడు. కుడి కుండ మీద చెయ్యి వేసి చటుక్కున తీసుకున్నాడు.

"ఏందిరా ఇది? కుండ కాగిపోతుండాదే!"

"సున్నం గదా దొరా. దోవలో చినుకులు పడి గడ్డలు తడిశాయి" అన్నాడు రేచన.

"చినుకులా? ఆకాశంలో గోరంత మబ్బు లేదు. నీ ఒక్కడి మీదే కురిసిందా వాన?"

రేచన చేసిన తప్పు నాలుక దాటిపోయింది. ఇక వెనక్కు రాదు. భటులిద్దరు బల్లేలతో దగ్గరికి జరిగారు. మారన అడుగున ఏముందో చూసే ఉద్దేశంతో గడ్డల మధ్య వేళ్లు దూర్చబోయాడు.

"తడిగడ్డల్లో చెయ్యి పెట్టబాకండి దొరా, తోలూడిపోతుంది. నమ్మకపోతే చూడండి!" అంటూ రేచన పక్కనున్న భటుడి చెంబు లాక్కొని, గడ్డల మీద నీళ్లు గుమ్మరించాడు.

గుల్లసున్నం బుస్సుమంది. తెల్లని ఆవిరి సుడి తిరిగి లేచింది. మరుగుతున్న తుంపర్లు మారన మీసాల మీద పడ్డాయి. అతను కెవ్వుమని వెనక్కు గెంతి భటుడి కాలు తొక్కాడు. భటుడు బల్లెం జారవిడిచాడు. వరుసంతా ఘొల్లుమంది. ఆ గోలలో, ఆ బుసబుసల మధ్య, మూకుడు కింద నుంచి సన్నగా 'సుయ్' మన్న మరో చప్పుడు రేచన చెవికి మాత్రమే వినిపించింది. నీటి బొట్టు లోపలికి దిగింది. ఎన్ని కణికలు చచ్చాయో! చూడడానికి వీల్లేదు.

"అవతలికి పోరా, దరిద్రుడా!" అని మీసాలు తుడుచుకుంటూ అరిచాడు మారన.

రేచన ద్వారం దాటాడు. పరిగెత్తాలని కాళ్లు తహతహలాడుతున్నా, సున్నం మోసేవాడి నడక విడవలేదు. కుండను పొట్టకు ఆనించుకొని, గోడ పక్కగా అంగళ్ల వీధి వెంట సాగాడు. కుండ అడుగు ఇంకా వెచ్చగానే ఉంది. కొంచెం తగ్గిందేమో అన్న అనుమానం. ఎదురుగా వీధి చివర, రెండు బురుజుల నడుమ, ఏటి వంతెన కనిపించింది.

సరిగ్గా అప్పుడే ఒక ఇంటి అరుగు మీది నుంచి ఒక పడుచు దిగివచ్చి అతని దారికి అడ్డంగా నిలబడింది. చంకలో పొత్తిగుడ్డల మూట. అందులోంచి పసికందు ఏడుపు. కుడిచేతిలో ఒక చిల్లపెంకు.

"అన్నా! పొద్దున్నే కానుపయింది. బిడ్డ ఒళ్లు మంచుముద్దలా ఉండాది. ఈ నీలినిప్పుకు వెచ్చబడ్డంలేదు. నీ దగ్గర నిప్పుంటే పెట్టన్నా!"

కొమ్ముసీమలో ఇంటి అల్లుడికి ఇంత పెట్టాలి, పాలేరుకు ఇంత కొలవాలి అన్న ఆచారాలు ఊరికొక రకం. నిప్పు ఆచారం మాత్రం అంతటా ఒక్కటే. చిల్లపెంకు చాచి నిప్పడిగినవాళ్లు పగవాళ్లైనా సరే పెట్టి తీరాలి. మూడుసార్లు అడిగినా పెట్టకపోతే దాచుకున్నవాడి నిప్పు దానంతట అదే చస్తుంది. అది నమ్మకమో నిజమో కుమ్మరులు ఏనాడూ పరీక్షించి చూడలేదు. ఆవం నిప్పుతో ఎవరు పందెం కాస్తారు?

రేచన వినిపించుకోనట్టు పక్కకు తప్పుకున్నాడు.

"నిప్పు పెట్టన్నా!" రెండోసారి అడిగిందామె, వెంట నడుస్తూ.

అతను ఆమె చేతిలోని పెంకు చూశాడు. మనుషుల ముఖాలు అతన్ని మోసగించవచ్చు గాని పెంకులు మోసగించలేవు. పెరట్లో పడి ఉండే చిల్లపెంకు అంచు ఎండకూ వానకూ అరిగి మొద్దుబారుతుంది. దీని అంచు కత్తిలా పదునుగా ఉంది. విరిగిన చోట మట్టి పచ్చి ఎరుపు తగ్గలేదు. పట్టుమని గడియ కాలేదు దీన్ని పగలగొట్టి. అంతేకాదు, ఆ పసిబిడ్డ ఏడుపు ప్రతిసారీ ఒకేచోట తెగి, ఒకేచోట మళ్లీ మొదలైంది. ఆ పడుచు చూపు అతని ముఖం మీద లేదు. కుడి కుండ మీద ఉంది.

రేచనకు తల్లి చెప్పిన మాట గుర్తొచ్చింది. లాక్కున్న నిప్పు మాంత్రికుడి మంత్రానికి లొంగదు. చేతులారా పెట్టిన నిప్పే లొంగుతుంది. మాంత్రికుడి చేతిలో ఒక్క కణిక నీలంగా మారితే, దాన్ని ఇచ్చిన కుండలోని నిప్పంతా నీలమే అవుతుంది. అందుకే భటులు మీదపడి కుండ గుంజుకోవడం లేదు, నీళ్లూ పోయడం లేదు. అందుకే ఈ పడుచు. పెడితే నిప్పు వాళ్లదవుతుంది, పెట్టకపోతే చచ్చిపోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే ఇదే.

"అన్నా, ముమ్మారు అడుగుతుండా. నిప్పు..."

"పెడతాను తల్లీ" అన్నాడు రేచన.

కావడి దించాడు. అంగళ్ల వీధి మధ్యలో, పట్టపగలు, గడ్డలు తోసి మూకుడు ఎత్తాడు. బూడిద కింద సగానికి సగం కణికలు నల్లబడి ఉన్నాయి. మిగిలినవి గాలి తగలగానే దానిమ్మ గింజల్లా ఎర్రగా మెరిశాయి. ఎర్రనిప్పు! పన్నెండేళ్లుగా ఆ రంగు చూడని కళ్లు రెప్ప వేయడం మరిచిపోయాయి. కుంపటి నింపుకోవడానికి బురుజుకు పోతున్న గుండమవ్వ కూడా కొయ్యబారి నిలబడిపోయింది.

రేచన ఒక కణిక తీసి ఆ పడుచు పెంకులో పెట్టాడు. పెడుతూ, నిప్పు ఇచ్చేవాళ్లు తరతరాలుగా అనే మాటను వీధి చివరిదాకా వినబడేలా అన్నాడు.

"నిన్నడిగితే నువ్వూ పెట్టు."

"పెడతాను, పెడతాను" అంది ఆమె తొందరగా, ఆ మాటకు విలువేమిటో తెలియనివాళ్లు అన్నట్టు. మరుక్షణం పెంకును నోటి దగ్గరికి తెచ్చుకొని ఏదో గొణగసాగింది. కణిక అంచున దారప్పోగంత నీలిగీత పుట్టింది.

రేచన చుట్టూ చూశాడు. ఆమెను అడగండి! ఎవరైనా అడగండి! ఆ మాట అతను పైకి అనకూడదు. అడగమని చెప్పి అడిగించిన నిప్పుకు బలం ఉండదు. జనం గోడలకు అంటుకుపోయారు. ఎర్రనిప్పు ముట్టినవాడి చేతులు నరుకుతారని తెలియనివాళ్లు అక్కడ లేరు. నీలిగీత కణికను సగం చుట్టింది. కుండలోని కణికల మీదా అదే నీడ పాకింది.

"అమ్మీ!"

గుండమవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆ పడుచు ఎదుట నిలబడింది. చంకలోని రాజముద్ర కుంపటిని నేలకేసి కొట్టి, అందులోంచి ఒక పెంకు ఏరుకొని చాచింది. "నాకూ ఇంత నిప్పు పెట్టు."

పడుచు తలెత్తలేదు. మంత్రం మధ్యలో ఆపలేదు.

"పప్పు పొయ్యి మీద ఉండాదమ్మీ. నిప్పు పెట్టు."

నీలిగీత మూడు వంతులు చుట్టుకుంది.

"ముమ్మారు అడుగుతుండా. చెవుడా నీకు? నిప్పు పెట్టవే!"

"పో ముసలీ!" అని గర్జించిందా పడుచు, అది ఆడగొంతు కాదు.

అనగానే పెంకులోని కణిక టప్పున ఆరిపోయింది. ఆరిన చోటి నుంచి పొగైనా రాలేదు. కుండలోని కణికల మీది నీలినీడ చెదిరిపోయింది. కొమ్ముసీమలోని నీలినిప్పులన్నిటినీ తన చేతి నిప్పుకు మంత్రంతో ముడివేసుకున్నవాడు ఆ చేతి నిప్పునే పోగొట్టుకున్నాడు. నగరం నడుమ బురుజు మీద, పన్నెండేళ్లుగా తుఫానుకు చలించని మహాజ్వాల ఒక్క ఊపు ఊగి, ఉఫ్‌మని ఊదిన దీపంలా మాయమైంది. వీధిలోకి మామూలు ఎండ వచ్చి పడింది. పడుచు ముఖం బూడిదగా రాలి, దాని వెనుక నుంచి రెప్పల్లేని కళ్లతో, ఎముకల గూడు లాంటి ఒక వికృతాకారం బయటపడింది. పొత్తిగుడ్డల్లోంచి ఒక కాకి అరుస్తూ ఎగిరిపోయింది.

"కాలభస్ముడు!" అని జనం హాహాకారం చేశారు.

"సూర్యుడింకా నావాడే!" అని అరిచాడు మాంత్రికుడు. "వంతెన ఎత్తండి! పెంకు పట్టినవాళ్లని పట్టినట్టు నరకండి!" అంటూ సుడిగాలిలా తిరిగి, బూడిదై ఆకాశానికి లేచాడు.

కాని ఆ ఆజ్ఞ చెవిన పడేసరికే వీధిలో ఠప్పుఠప్పుమని కుంపట్లు పగులుతున్నాయి. సుంకం కట్టి, వరుసల్లో నిలబడి, తిట్లు తిని తెచ్చుకున్న రాజముద్ర కుంపట్లు! ముద్రలు ముక్కలై కాళ్ల కింద నలుగుతుంటే, పెంకులు పట్టిన చేతులు నలువైపుల నుంచి రేచన మీదికి చాచుకున్నాయి.

"నాకు పెట్టబ్బాయా!"

"మావా, నాకూ!"

రేచన పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ ఆ మాట అన్నాడు. పుచ్చుకున్న ప్రతివాళ్లూ బదులు పలికి, మరొకరికి పంచడానికి సందుల్లోకి పరిగెత్తారు. భటులు కత్తులు దూసి వీధిలోకి దూకారు. గంప రైతు గంపను మొదటివాడి నెత్తిన బోర్లించాడు. ఎక్కడో ఒక కప్పు మీద నుంచి తెల్లని పొగ లేచింది, వెంటనే మరో కప్పు, వెంటనే నాలుగు.

కుండ అడుగున ఒక్క కణిక మిగిలింది. గద్దరాయి కోసం దాన్ని బూడిదలో కప్పబోతుండగా, ఒక చెయ్యి పెంకుతో ముందుకొచ్చింది. మణికట్టుకు సుంకరుల నీలిపట్టీ. మారన! పాగా ఊడిపోయింది; మీసాల మీద సున్నపు బొబ్బలు.

"సున్నపోడా... మా ఇంట్లో ముసిలోడు చలికి వణుకుతుండాడు. నాకూ పెట్టు."

"ఆడికా? ఆడికెట్టా పెడతావు?" అని పళ్లు కొరికారు చుట్టూ ఉన్నవాళ్లు.

రేచన తలెత్తి పడమటికి చూశాడు. సూర్యుడు గద్దరాయికి రెండు బారల ఎత్తున ఉన్నాడు. ఆఖరి కణికను తీసి మారన పెంకులో పెట్టాడు. మారన తలాడించి, కన్నీళ్లతో "పెడతాను" అని పరిగెత్తాడు.

రేచన ఖాళీ కుండ అంచు నుంచి ఒక పెంకు విరిచి, గుండమవ్వ వైపు చాచాడు. తల్లి ఆవం నిప్పు తప్ప మరొకరి నిప్పు ఏనాడూ అడిగి ఎరగని కుమ్మరి అడిగాడు. "అవ్వా, నిప్పు పెట్టు."

"ఓరి నీ తెలివి తెల్లారా! అందరికీ పెట్టి నువ్వు బికారివయ్యావా?" అంటూ ముసలమ్మ ఇందాక అతను పెట్టిన కణికలోంచే సగం విరిచి పెట్టింది. "నిన్నడిగితే నువ్వూ పెట్టు. ఇంక పో, పరిగెత్తు!"

పెంకును మూకుడులో బూడిద మధ్య ఇమిడ్చి, తలపాగాతో రొమ్ముకు బిగించి రేచన పరుగు తీశాడు. ఎదురొచ్చిన భటుడి మోకాళ్లను కావడిబద్దతో విరగ్గొట్టాడు. రెండోవాడి కాళ్ల సందులోంచి దూరాడు. వంతెన గొలుసులు కిర్రుమంటూ చుట్టుకుంటున్నాయి. పలకలు నిచ్చెనలా లేస్తున్నాయి. అతను చేతులతో, కాళ్లతో పైకి పాకి, కొస మీద నిలబడి, అడుగున నురగలు కక్కే ఏటిని చూడకుండా దూకాడు. ఎడమచేతి వేళ్లు అవతలి గట్టు రాతి అంచును అందుకున్నాయి. ఒళ్లంతా లోయలో వేలాడింది. రొమ్ము మీద నిప్పు తలపాగాను దాటి చర్మాన్ని కాల్చింది. ఆ మంటే అతనికి ధైర్యం. బతికే ఉంది.

పైన బూడిద సుడి తిరిగింది. గట్టు అంచున, అతని వేళ్లకు జానెడు దూరంలో, రెండు ఎముకల పాదాలు వచ్చి నిలిచాయి. కాలభస్ముడు నింపాదిగా గొంతుక్కూర్చున్నాడు. అతని చేతిలో ఒక చిల్లపెంకు ఉంది. ఈసారి దాని అంచు ఎండకూ వానకూ అరిగి, మొద్దుబారి ఉంది.

"మీ పాఠం నేర్చుకున్నానయ్యా రేచనా" అన్నాడు మృదువుగా. "ఈమారు ఎవరు వచ్చి అడిగినా తప్పకుండా పెడతాను. అడిగేవాళ్లు ఈ గట్టున ఎవరూ లేరనుకో. నిప్పు పెట్టు."

సూర్యబింబం కింది అంచు గద్దరాయిని తాకింది. వెనుక, ఏటి ఆవల, పాలవాక కప్పుల మీద తెల్లని పొగలు లెక్కకు మించి లేస్తున్నాయి. వాటి కింద కత్తుల చప్పుడు. రేచన వేళ్లు ఒక్కొక్కటే జారుతున్నాయి.

"రెండోసారి అడుగుతున్నాను. నిప్పు పెట్టు."

రేచన కిందికి చూశాడు. సుడులు, బండలు, బండల మధ్య ఎక్కడో నల్లని నీటి మడుగు. పడితే నిప్పు నీళ్లపాలు కావచ్చు. కాకపోనూవచ్చు. పైన మాత్రం ఆ సందేహానికైనా చోటు లేదు.

"ముమ్మారు అడుగు..."

ఆ మాట పూర్తికాక ముందే రేచన రెండు చేతులనూ రొమ్ము మీది నిప్పు చుట్టూ పెనవేసుకోవడానికి, రాతి అంచును వదిలేశాడు.